ధాత నామ సంవత్సరం దాకా

ఈ పుటలో కొత్త టపా వ్రాసి చాలాకాలమైంది. "మాస్టారు ఎక్కడికి పోయారు?" అంటూ ఇద్దరు ముగ్గురు జాబులు వ్రాశారు. పోయినచోటినుంచి ఎప్పుడో తిరిగివచ్చాను. చూసినదానిని ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళూ ఊరకున్నాను. ఇప్పుడు చెబుతాను. కొంచెం దీర్ఘమే, ఓపికగా చదవండి.

2024 జూన్ మాసంలో మేము దంపతులము అమెరికాలో ఉన్నాము. మా అబ్బాయి ఉత్తర కెరొలైనా రాష్ట్రంలోని షార్లట్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. మనవరాలి బడికి వేసవి సెలవులు ఇవ్వగానే ఒక ఉదయం, "నాన్నగారూ, మన ఇంటికి వెళదాం, బట్టలు సర్దుకోండి" అన్నాడు. ఇంట్లో కూర్చున్నవాణ్ణి ఇంటికి వెళదామనడమేమిటని కళ్ళజోడు సవరించుకొని చూశాను. "ఓర్లాండోలో మనకొకటుంది కదా! ఏడాదికి ఒక వారం మనదే" అని నవ్వాడు. దానినే టైమ్‌షేర్ అంటారట. డిస్నీ వారి వినోదవనాల నడుమ వారే కట్టిన విడిది.

ముప్ఫై ఆరేళ్ళు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పినవాడి బుద్ధి ఊరకుంటుందా? కారులో కూర్చొని ఆ మాటకు విగ్రహవాక్యం వెదకడం మొదలుపెట్టాను. కాలముయొక్క భాగము అంటే షష్ఠీ తత్పురుషం. కాలముచేత భాగింపబడినది అంటే తృతీయా తత్పురుషం. మొదటిదానిలో కాలాన్ని మనం కొనుక్కున్నట్లు, రెండవదానిలో కాలమే మనల్ని ముక్కలు చేసినట్లు. ఎనిమిది గంటల ప్రయాణంలోనూ నిర్ణయం కుదరలేదు. అబ్బాయి వివరించినదంతా విని మా ఆవిడ, "ఇంత చుట్టుతిప్పుడు ఎందుకురా? వంతులనరాదూ!" అంది. అంతే. అంతకంటె మంచి తెలుగు ఏ నిఘంటువులోనూ దొరకదు. కాలువ నీటికి వంతు, గుడిలో అర్చకత్వానికి వంతు, ఉమ్మడి బావిలో చేదకు వంతు. ఆ మాట వినగానే నవ్వు వచ్చింది, వెంటనే మనస్సు చివుక్కుమన్నది కూడా. ఎందుకో తరువాత చెబుతాను.

అబ్బాయి మొదట వేరొక సంస్థవారి వలలో పడ్డాడట. ఆ సంస్థ పేరు నాకు అనవసరం. వినోదవనానికి ఉచితంగా టికెట్లు ఇస్తాము, తొంభై నిమిషాలు మా మాట వినండి చాలు అని పిలిచారట. తొంభై నిమిషాలు నాలుగు గంటలైనాయి. ఒకరి తరువాత ఒకరు వచ్చి కూర్చొని, కాఫీ ఇచ్చి, పిల్లను ముద్దుచేసి, ఈ రోజు దాటితే ఈ ధర ఉండదని తొందరపెట్టి సంతకం చేయించారు. ఇంటికి వచ్చి కాగితాలు చదివితే కళ్ళు తిరిగాయి. అయితే ఫ్లోరిడా చట్టంలో ఒక మంచి నియమం ఉంది. టైమ్‌షేర్ కొన్నవాడు పది రోజులలోగా లిఖితపూర్వకంగా తెలిపితే ఆ కొనుగోలు రద్దవుతుంది. ఆరవ రోజున ఉత్తరం పంపి బయటపడ్డాడు. మీ పిల్లలెవరైనా ఆ దేశంలో ఇటువంటి సంతకం చేసివస్తే ఈ పది రోజుల సంగతి వారికి తప్పక చెప్పండి. ఈ టపా వలన మరే ప్రయోజనం లేకపోయినా ఇది ఉంటుంది.

ఆ తరువాత ఏడాదిపాటు చదివి, విచారించి, 2019లో మరొక సభ్యుని వద్దనుంచి ఈ డిస్నీ వారి వంతు కొన్నాడు. డిస్నీ సంస్థ ఈ వ్యవహారాన్ని 1991లో ఆరంభించింది. ఫలానా గది, ఫలానా వారం అని కాక, ఏటా ఇన్ని పాయింట్లు అని ఇస్తారు. పండుగ దినాలలో గదికి ఎక్కువ పాయింట్లు పోతాయి, సందడిలేని దినాలలో తక్కువ. మిగిలినవాటిని మరుసటి ఏటికి దాచుకోవచ్చు, చాలకపోతే రాబోయే ఏటివి ముందే వాడుకోవచ్చు. సొంత విడిదిలో 11 నెలల ముందునుంచి, వారి ఇతర విడిదులలో 7 నెలల ముందునుంచి గది చెప్పుకోవచ్చు. ఇది విన్నప్పుడు నాకొక చమత్కారం తోచింది. తిథి లేకుండా వచ్చేవాడు కనుక అతిథి అన్నారు మన పెద్దలు. పదకొండు నెలల ముందే తిథి నిర్ణయించుకొని వచ్చే మమ్మల్ని ఏమనాలి? 'సతిథులు' అన్నాను. కారులో ఎవరూ నవ్వలేదు.

మా విడిది పేరు కిడానీ విలేజ్. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే దానిలో భాగం. కిడానీ అంటే తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషలో కంఠహారమట. కట్టడం నిజంగానే హారంవలె వంగి ఉంటుంది. అబ్బాయి చేతికి కట్టుకున్న రబ్బరు పట్టీని తలుపుకు ఆనిస్తే తలుపు తెరుచుకుంది. తాళంచెవి లేదు. లోపల పడకగది, ముందుగది, అందులో పరుపుగా మారే సోఫా, పూర్తి వంటగది, బట్టలు ఉతికే యంత్రం, ఆరబెట్టే యంత్రం. మా ఆవిడ వంటగది చూసి తృప్తిపడి, తెచ్చుకున్న కందిపప్పూ గోంగూర పచ్చడీ బల్లమీద పేర్చింది. పొగకు గంట మోగుతుందేమో అత్తయ్యగారూ అని కోడలు భయపెట్టగా, ఆవాలు చిటపటలాడీ ఆడకముందే దించి పప్పుచారు కాచింది. ఆ వారమంతా మా తాలింపులు గుసగుసలాడాయే కాని పలుకలేదు.

వెనుక తలుపు తీసి వసారాలోకి వెళ్ళాను. ఎదురుగా పచ్చికబయలు. దానిలో జిరాఫీ ఒకటి, మా వీధిలో గేదె నిలబడినంత మామూలుగా నిలబడి ఆకులు మేస్తున్నది. కొంచెం అవతల చారల గుర్రాలు. ఇంకొంచెం అవతల, బారెడేసి కొమ్ములున్న ఆవులు. వాటిని అంకోలె ఆవులంటారని, ఉగాండా ప్రాంతపు జాతి అని అక్కడి వర్ణనాపత్రంలో ఉంది. ఒంగోలు తాలూకా వాడికి అంకోలె అని వినబడితే ఎలా ఉంటుందో ఊహించండి! నడక కూడా మన గిత్తల నడకవలె గంభీరంగానే ఉన్నది. మూపురం మాత్రం మనవాటికే సొంపు. ఆ సాయంత్రం చాలాసేపు అక్కడే కూర్చున్నాను. జంతువులకూ మనకూ నడుమ కంచె ఎక్కడుందో కనబడదు. పల్లములోనూ పొదల చాటునా దాచిపెట్టారు. మధ్యాహ్నం మూడు నాలుగు గంటలకు ఫ్లోరిడాలో రోజూ ఉరుములతో వాన వస్తుంది. వాన వెలిశాక తడిసిన మట్టి వాసన మాత్రం ఎవరూ తయారుచేయనిది.

మూడవ రోజున యానిమల్ కింగ్‌డమ్ అనే వనానికి వెళ్ళాము. 1998లో తెరిచినది. నడుమ 145 అడుగుల ఎత్తున జీవవృక్షమని ఒక చెట్టు కట్టారు. కాండమంతా మూడువందల పైచిలుకు జంతువుల ఆకృతులు చెక్కారు. అక్కడినుంచి ఆసియా అనే భాగంలోకి వెళితే ఒక ఊరు వస్తుంది. ఆ ఊరి పేరు ఆనందపురం. వారు ఆనందపూర్ అన్నారు. ప్రపంచంలో ఎక్కడా లేని ఊరు, ఈ వనం కొరకే కల్పించినది. దానిలో ఒక నది, దాని పేరు చక్రనది. మహారాజుగారి పాడుబడిన విహారమందిరం, అందులో నిజమైన పులులు. పేర్లు పెట్టినవారెవరో సంస్కృతం తెలిసినవారినే అడిగి ఉంటారని సంతోషించాను.

ఆ ఊళ్ళో గోడలను చూస్తూ ఆగిపోయాను. సున్నం పెచ్చులూడి, లోపలి ఇటుకలు కనబడుతున్నాయి. మూలనుంచి పైకి ఒక పగులు. వాన నీరు కారిన నల్లని చారలు. రంగు వెలిసిన ప్రకటనలు. ఇవన్నీ కొత్తవే. పగులును పగులువలె చెక్కి, చారను చారవలె పూసి, పాతదనాన్ని కొత్తగా కట్టారు. "ఎంత బాగా చేశారో చూశారా మావయ్యగారూ" అని కోడలు ఫోటో తీస్తున్నది. నిజంగా బాగా చేశారు. అటువంటి పగులును నేను ఎరుగుదును. ఎరిగినవాడిని కనుకనే చెబుతున్నాను, అచ్చం అలాగే ఉంటుంది.

ఇప్పుడు నా మనస్సు ఎందుకు చివుక్కుమన్నదో చెప్పాలి. ఒంగోలుకు దగ్గరలోని మా ఊళ్ళో మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు ఉంది. నడిమి గదిలోని దూలంమీద 'ధాత సంవత్సరం వైశాఖం' అని చెక్కి ఉంటుంది. అంటే 1936. మా నాన్నగారి తరువాత అది నాకూ మా తమ్ముడికీ ఉమ్మడి. నేను ఒంగోలులో స్థిరపడ్డాను, తాను నెల్లూరులో. సంక్రాంతికి ఒక ఏడు నేను, ఒక ఏడు తాను అని వంతు వేసుకున్నాము. అది ఏళ్ళతరబడి చక్కగా సాగింది. 2017 వానలకు పడమటి గోడ పగిలింది. దానిని పూడ్చడానికయ్యే ఖర్చు ఎవరిదన్నదగ్గర మాట పెరిగింది. ఎక్కువగా వాడుకున్నవారు పెట్టుకోవాలని తాను, సగం సగమని నేను. మొత్తం ఎంతో చెబితే మీరు నవ్వుతారు. ఆ కోపంలో తలుపుకు ఉన్న తాళం పక్కన నేను మరొక తాళం వేశాను. పాత తాళంచెవి తనవద్ద, కొత్తది నావద్ద. ఇద్దరం కలిసి వెళ్ళితే తప్ప ఇల్లు తెరుచుకోదు. కలిసి వెళ్ళలేదు. పిల్లలకు సమష్టి అంటే ఏమిటో, వ్యష్టి అంటే ఏమిటో ముప్ఫై ఆరేళ్ళు అర్థాలు చెప్పి, బిరుదులు పొంది, పదవీవిరమణకు ముందు ఏడు నేను చేసిన పని ఇది.

2019లో మా అబ్బాయి వాళ్ళు వచ్చినపుడు మనవరాలికి మూడేళ్ళు. తాతల ఇల్లు చూపిస్తానని తీసుకువెళ్ళి, రెండు తాళాల ముందు వీధి అరుగుమీద కూర్చోబెట్టి ఫోటో తీసి తీసుకువచ్చాను. అంతే తనకు ఆ ఊరితో పరిచయం.

ఆనందపురంనుంచి తిరిగి విడిదికి వచ్చిన సాయంత్రం సనా అనే అక్కడి భోజనశాలకు వెళ్ళాము. ఆఫ్రికా వంటకు మన దేశపు మసాలాలు కలిపి వండుతారు. అయిదు రకాల రొట్టెలూ తొమ్మిది రకాల పచ్చళ్ళూ తెచ్చి పెట్టారు. చింతపండుదీ, వెల్లుల్లిదీ, కొత్తిమీరదీ గుర్తుపట్టాము. కిటికీ అవతల చారల గుర్రాలు. వడ్డించిన పెద్దామె గుండెమీద బిళ్ళలో ఆమె పేరు, దాని కింద సొంత ఊరి పేరు. అక్కడ పనిచేసే వారందరికీ అలాగే ఉంటుంది. ఉద్యోగులనరు, పాత్రధారులంటారు. జనం కనబడే చోటు రంగస్థలం, కనబడనిది తెర వెనుక. నేపథ్యమనే మాటకు మన నాటకాలలో అసలు అర్థం ఇదేనని పిల్లకు చెబుతూ, "ఆమె బిళ్ళమీద ఊరి పేరు ఉంది చూశావా? నీ బిళ్ళమీద ఏ ఊరు వ్రాయాలి?" అని అడిగాను. షార్లట్ అంటుందనుకున్నాను. "ఇదే" అంది. నేను అర్థంకాక చూశాను. "కిడానీ. నేను బడిలో కూడా ఇదే వేశాను తాతయ్యా. మా టీచర్ మీ కుటుంబం ఊరు బొమ్మ వేయమంది" అంది.

ఆ బొమ్మను నేను షార్లట్‌లో ఫ్రిజ్‌మీద చూసే ఉన్నాను. వసారా, కుర్చీలో ఒక ముసలాయన, ఎదురుగా జిరాఫీ. ఏదో జంతుప్రదర్శనశాల అనుకున్నాను. ఆ ముసలాయనను నేనే. అంతకుముందు నేను ఆ వసారాలో కూర్చున్నది లేదు. కూర్చోవలసినవాడినని పిల్ల ఊహించుకొని వేసింది.

ఎనిమిదేళ్ళ పిల్లది ఏమీ తప్పు లేదు. ఏటా ఒకసారి వెళ్ళే చోటు, అమ్మానాన్నలు తొందరపడని చోటు, ఈతకొలనుకు దారి తనకు కళ్ళు మూసుకున్నా తెలిసిన చోటు ఊరు కాక మరేమిటి? ఒక్క సంగతి మాత్రం చూశాను. నిరుడు వచ్చినపుడు వసారా మూలలో మూడు గులకరాళ్ళు దాచిందట. ఈసారి వచ్చీరాగానే వెదికింది. గది వేరు. ప్రతిసారీ వేరే గది ఇస్తారు. పాత గదికి వెళ్ళగలిగినా అవి ఉండవు. ఒకరు వెళ్ళి మరొకరు వచ్చేలోపల అన్నీ తుడిచి, మొదటిసారి తెరిచినట్లు సిద్ధం చేస్తారు. "మళ్ళీ పెడతాలే" అని కొత్తవి ఏరుకొని వచ్చింది.

ఆ రాత్రి పిల్ల నిద్రపోయాక అబ్బాయి వసారాలోకి వచ్చి, ఎన్నాళ్ళనుంచో అడగాలనుకున్నది అడిగాడు. "నాన్నగారూ, ఊళ్ళో ఇల్లు అమ్మేయకూడదా? బాబాయికీ మీకూ గొడవ ఉండదు." నాకు కోపం వచ్చింది. "మరి దీనిని కొన్నావే! ఇది ఎన్నాళ్ళు నీది?" అన్నాను. 2057 జనవరి 31 వరకు అన్నాడు. దస్తావేజు నిజమైనదే, ఆ కౌంటీలో రిజిస్టరైనదే, కాని దానికి ఆయువు ఉంది. ఆనాటితో హక్కు సంస్థకు చేరిపోతుంది. పుత్రపౌత్ర పారంపర్యంగా, ఆచంద్రార్కంగా అని వ్రాసుకునే దస్తావేజులు చదివి పెరిగిన నాకు, ముగింపు తేదీ ఉన్న ఇంటికాగితం వింతగా తోచింది. అలవాటుచొప్పున వేళ్ళమీద లెక్కపెట్టాను. 2047 ప్రభవ. ఆ లెక్కన 2057 జనవరికి ధాత. మా దూలంమీది ధాతకు రెండు ఆవృత్తులు, నూట ఇరవై ఏళ్ళు. నేను 1958లో పుట్టినవాడిని, ఉండను. పిల్లకు నలభై ఏళ్ళుంటాయి.

"మరి గోడ పగిలితే?" అని అడిగాను. అబ్బాయి తన ఫోనులో చూపించాడు. సభ్యులందరూ పాయింటుకు ఇంత అని ఏటా రుసుము కడతారు. అందులో పన్నులు ఒక పద్దు, నిర్వహణ ఒక పద్దు, ఎప్పుడో మార్చవలసివచ్చే కప్పుకూ సామానుకూ ముందునుంచే దాచే నిధి ఒక పద్దు. ఎవరు ఎన్ని రోజులు వాడుకున్నారని అడగరు. ఉన్న భాగాన్నిబట్టి కట్టడమే. "ఇక్కడ గొడవ ఎందుకు రాదంటే, పగులు పడకముందే దాని డబ్బు కట్టేస్తాం నాన్నగారూ" అన్నాడు. వాడు సాధారణంగా అన్న మాట. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. మొహం ఎరుగని వేలమంది కలిసి ఒక కప్పును కాపాడుకుంటున్నారు. ఒక తల్లి కడుపున పుట్టిన మేమిద్దరం ఒక గోడను పూడ్చుకోలేకపోయాము. వాళ్ళు అద్దెకు తెచ్చుకున్న పగులును ఫోటోలు తీసుకుంటున్నారు, మేము సొంత పగులుకు తాళాలు వేసుకున్నాము.

రాత్రి పది దాటింది. మనకు ఉదయం ఏడున్నర. తమ్ముడు కాఫీ తాగే వేళ. ఏడేళ్ళ తరువాత ఆ అంకె నొక్కాను. 

"ఎవరు?" అన్నాడు. 

"నేనురా."

కాసేపు ఏమీ వినబడలేదు. "అన్నయ్యా, ఒంట్లో బాగానే ఉందా? ఎక్కడినుంచి?" అన్నాడు. జిరాఫీల ముందునుంచి అని ఎలా చెప్పను? అబ్బాయి దగ్గరనుంచి అన్నాను. గోడ సంగతి ఎత్తాను. "గోడ మాట దేవుడెరుగు, కప్పు కూడా జారింది. నిరుడు బయటనుంచి చూసి వచ్చాను" అన్నాడు. తాను చూడడానికి వెళుతున్నాడని నాకు తెలియదు. నేనూ రెండుసార్లు అలాగే వెళ్ళి అరుగుమీద కూర్చొని వచ్చానని తనకూ తెలియదు.

వారం ముగిసిన రోజున పదకొండు గంటలకు గది ఖాళీ చేయాలి. మా ఆవిడ అద్దెకొంపకు ఇంత చాకిరీ ఎందుకని కోడలు వారిస్తున్నా, పొయ్యిగట్టు తుడిచి, ముగ్గు లేదే అని చిన్నబుచ్చుకొని బయలుదేరింది. పిల్ల మూడు రాళ్ళనూ మూలలో పేర్చివచ్చింది. అవి ఉండవని తనకు తెలుసు. మేమూ చెప్పలేదు.

2025 సంక్రాంతికి ఇద్దరం కలిసి వెళ్ళి తాళాలు రెండూ తీశాము. నాది తుప్పుపట్టి బిగిసిపోతే, తమ్ముడే కిరసనాయిలు పోసి తిప్పాడు. దూలం బాగుంది. పెంకులు ఆ రకంవి ఇప్పుడు దొరకడంలేదని, పడిపోయిన పక్క ఊరి ఇంటివి కొన్నాము. గోడ పూడ్చాము. ఖర్చు సగం సగమా, కాదా అన్నది ఇంకా తేలలేదు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఇద్దరికీ గొంతు పెరుగుతూనే ఉంది. కాని ఒక పోస్టాఫీసు ఖాతా తెరిచి, ఏటా ఉగాదికి చెరికొంత వేయాలని, దానిని పగుళ్ళ పద్దు అనాలని నిర్ణయించాము. ఇప్పుడు తలుపుకు ఒకే తాళం, చెవులు రెండు.

మనవరాలికి ఫోనులో ఇల్లంతా చూపించాను. దూలంమీది అక్షరాలు కూడబలుక్కొని "ధా... త" అని చదివింది. తరువాత అడిగింది: "అక్కడ జిరాఫీ ఉందా తాతయ్యా?"

లేదమ్మా, ఉడుతలున్నాయి అన్నాను. కొంచెం ఆలోచించి, "సరే, నా రాళ్ళు అక్కడ ఎవరూ తీసేయరు కదా" అంది.

తీయరని మాట ఇచ్చాను. మాట నిలబెట్టుకోవలసిన భారం మా ఇద్దరు ముసలివాళ్ళదీ.

సెలవు.